మెర్టన్ పొయ్యి

నాలుగయింది. ఇంకా గంట. గంటంటే కట్టెల లెక్కలో ఎనిమిది సార్లు, ఏడు నిమిషాలకొకసారి పొయ్యి తలుపు తీసి నాలుగు చెక్కలు లోపలికి తోసి గభాల్న మూసేయడం, ముప్ఫై నాలుగేళ్లుగా, మేపుల్ చెట్ల నీళ్లు కాచి పాకం తీసే మార్చి నెలలో ఆర్డిస్‌కు కాలమంటే ఇదే, గడియారం ఉన్నా లేకున్నా ఏడో నిమిషానికి చెయ్యి దానంతటదే చేతితొడుగు వెతుక్కుంటుంది. అయిదింటికల్లా ఫోన్ చేయాలి. కింద పట్నంలో ముసలివాళ్లను చూసుకునే చోట గది ఒకటి ఖాళీ అయింది, ఎలా ఖాళీ అయిందని అడగడం మర్యాద కాదు కాబట్టి ఆమె అడగలేదు, అయిదు లోపల ఔననకపోతే వరసలో వెనకున్న వాళ్లకు ఇచ్చేస్తామని అక్కడి పెద్ద నర్సు చెప్పింది, పాపం ఆవిడ గొంతులో కరుకుదనమేమీ లేదు. ఔనంటే రేపు తొమ్మిదింటికి పక్క పొలం లూసియన్ బండి తెస్తాడు, తమ్ముడు మెర్టన్ వెళ్లిపోతాడు. కాదంటే మెర్టన్ ఇక్కడే, ఈ కొండమీదే, ఆమె చేతుల్లోనే. ఆర్డిస్ ఒక పందెం వేసుకుంది, ఎవరితోనో కాదు, తనతోనే. ఈ గంటలో, వాడు తన చేత్తో చేసుకున్న ఈ పొయ్యి ముందు, తమ్ముడు ఒక్కసారి, ఒక్క మాటతోనైనా సరే, తమ్ముడనిపిస్తే చాలు, ఫోన్ చేయదు. ఆ తర్వాత ఏమైనా కానీ. డెబ్బై ఒకటో ఏట ఇవేం పందేలని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మెర్టన్ పాకం షెడ్డులోనే, కిటికీ పక్కన కూర్చున్నాడు. అది పాత స్కూలు బస్సు సీటు, తుక్కు కొట్టు నుంచి తెచ్చి వాడే గోడకు బిగించాడు, పాకం కాస్తున్నప్పుడు ఏనాడూ దానిమీద కూర్చున్న పాపాన పోలేదు, ఈ ఏడు మాత్రం దానిమీంచి లేవడం లేదు. ఊలు టోపీ చెవులమీదికి లాక్కుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఈ బస్సు ఎప్పుడు కదులుతుందా అన్నట్టు బయటికి చూస్తున్నాడు. బయట చూడ్డానికేమీ లేదు, మంచు మెత్తబడి నల్లగా అయింది, దారంతా బురద, మానుల్లోంచి కారే తియ్యటి నీళ్లు పట్టడానికి మేపుల్ చెట్లకు వేలాడదీసిన బకెట్లన్నీ లూసియన్ మధ్యాహ్నమే దించేశాడు. మూడున్నరకు ఆఖరి నీళ్లు తెచ్చి బయటి ట్యాంకులో పోసి లోపలికొచ్చి, పెనం మీదికి వంగి వాసన చూశాడు.

"అత్తా, చెట్లు చిగురుకొస్తున్నాయి, రేపో ఎల్లుండో నీళ్లకు మొగ్గ వాసన పట్టి పాకం పాడైపోతుంది. ఇదే ఆఖరి కాపు, ఇంక కట్టిపెట్టెయ్."

"నా ముక్కింకా ఊడిపోలేదులేరా."

"ఏం బాబాయ్, ఈ ఏడు పాకం ఎట్లా ఉంది? మీ అక్క మాడ్చలేదు కదా?" అని మెర్టన్ భుజం తట్టాడు. మెర్టన్ నవ్వాడు, ఎవరు తట్టినా నవ్వే నవ్వు. లూసియన్ ఇటు తిరిగి గొంతు తగ్గించాడు. "ఫోన్ చేశావా?"

"అయిదింటిదాకా టైముంది."

"అత్తా, ఫిబ్రవరిలో బాబాయిని వాగులోంచి మోసుకొచ్చింది నేను. బూట్లు లేవు, సాక్సులు లేవు. అప్పుడు రెండు కాలివేళ్లతో పోయింది. మళ్లీ వెళ్తే మనిషే దక్కడు."

"తెలుసురా. వెళ్లు, నీ ఆవులు నీకోసం అరుస్తుంటాయి."

వెళ్లాడు. బురదలో చక్రాలు గిరగిరా తిరిగిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది, ఇక షెడ్డులో పొయ్యి గొంతు ఒక్కటే మిగిలింది, హోరుమని, కింద ఫ్యాను రొద, పైన నీళ్ల కుతకుత, ఆవిరి కప్పు సందుల్లోంచి పైకి పోతూ, ఇది ఆమెకు జోలపాట కంటే బాగా తెలిసిన చప్పుడు. తలుపు, నాలుగు చెక్కలు, తలుపు. ఒకటి. పొయ్యి అని ఇప్పుడంటున్నాం గానీ మొదట్లో ఇది ఉత్త నూనె పీపా. ముప్ఫై రెండేళ్ల మెర్టన్ దాన్ని నిలువునా కోసి, కాళ్లు పెట్టి, పైన రెండడుగుల వెడల్పూ ఆరడుగుల పొడవూ రేకు పెనం పరిచాడు, ఆ ఏడే ఆర్డిస్ మొగుడు హార్లన్ ఇంకో ఊళ్లో ఇంకొకామెతో కాపురం పెట్టాడు, ఒక్క సీజను తమ్ముడికి సాయం చేసి పోదామని ఆర్డిస్ ఒక పెట్టెతో ఈ కొండెక్కింది. ఎక్కడికి పోదామనుకుందో ఇప్పుడు గుర్తు రావడం లేదు. నలభై గ్యాలన్ల చెట్టు నీళ్లు కాస్తే ఒక్క గ్యాలను పాకం, ఆ పీపా గంటకు పన్నెండు గ్యాలన్లను ఆవిరి చేస్తే అదే గొప్ప, ముందువైపు మరుగుతుంటే వెనకవైపు నీళ్లు చలికి వణికినట్టు ఊరికే కదిలేవి, మంటంతా నేరుగా పొగగొట్టంలోకి పరిగెత్తి ఆకాశానికి వేడి పెట్టేది. మెర్టన్ నేలమీద బోర్లా పడుకుని తలుపులోంచి మంట ఎటు పోతోందో చూసేవాడు, కనుబొమలు కాల్చుకున్నాడు, ఏప్రిల్ దాకా కనుబొమలు లేని మొహంతో తిరిగాడు. దొరికిందే అక్కా, అన్నాడు ఒకరోజు, మంటకు దారి మరీ సుఖంగా ఉంది, దాన్ని కాస్త కష్టపెట్టాలి. పొయ్యి లోపల వెనకవైపు ఇసుకా ఇటుకలూ పేర్చి ఏటవాలు కట్టాడు, మంట ఎత్తెక్కి పెనం అడుగును నాకుతూ పోయేట్టు. పన్నెండు పదహారైంది. బొగ్గుముక్కతో గోడమీద రాశాడు, పదహారు, ఆ అంకె ఇంకా అక్కడే ఉంది, దాని కింద ఇరవై ఒకటి, ఇరవై ఆరు, ముప్ఫై మూడు, ఒక్కో అంకెకూ ఒక్కో చలికాలం. కొందరి ఇళ్లలో తలుపు పక్కన పిల్లల ఎత్తు గీస్తారు, వీళ్లింట్లో గీసుకున్నది ఇదే.

తమ్ముడి పెళ్లి సంగతీ ఆ అంకెల మధ్యే ఎక్కడో ఉండాలి. ఇరవై ఒకటికీ ఇరవై ఆరుకూ మధ్య. బెర్నిస్ అని మంచి పిల్లే, రెండు మార్చి నెలలు ఓర్చుకుంది, మూడో మార్చిలో వెళ్లిపోయింది, వెళ్లేముందు ఆర్డిస్‌తో అన్న మాట, నువ్వెలా ఉంటున్నావు ఇక్కడ, మీవాడు పెనంతో మాట్లాడినంత సేపు మనుషులతో మాట్లాడడు కదా. మాట్లాడడు, నిజమే. ఎందుకు ఉన్నానూ? అప్పుడు జవాబుండేది, నాతో మాట్లాడినవాడు నాకు చేసిన మేలేమిటి గనక అని. హార్లన్ బాగా మాట్లాడేవాడు.

రెండు. చెక్కలు బాగా ఎండాయి, మంట తెల్లగా ఉంది, పొగ లేదు. పొగ లేకపోవడమూ వాడి పనే. తుక్కు కారులోంచి హీటరు ఫ్యాను పీకి ఇనప గొట్టానికి తగిలించి కట్టెలు పేర్చే జాలీ కిందనుంచి గాలి కొట్టించాడు, మంట రెచ్చిపోయింది, పొగ ఎక్కువైంది, అప్పుడు ఇంకో గొట్టానికి సన్నసన్న చిల్లులు పొడిచి మంట పైనుంచి కూడా గాలి కొట్టించాడు, పొగ పొయ్యిలోనే మండిపోయింది. అక్కా బయటికొచ్చి చూడు, అని కేకేశాడు. ఏముంది చూడ్డానికి, గొట్టం పైన ఏమీ లేదు, ఊరికే గాలి అల్లల్లాడుతోంది. అదే చూడమన్నాను, ఏమీ లేదు చూడు, అని చంటిపిల్లాడిలా గెంతాడు. నలభై దాటిన మనిషి. ఇంకోసారి బంతి సంగతి, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వకూడదుగానీ. ఒక పొద్దున ఆమె పాయిఖానాకు వెళ్లి లేచి మీట నొక్కితే నీళ్లు ఆగవే, పారుతూనే ఉన్నాయి, పైనున్న నీళ్లతొట్టి మూత ఎత్తి చూస్తే లోపల తేలాల్సిన బంతి లేదు. బంతి పెనం పక్కన చిన్న పెట్టెలో తేలుతోంది. పెనంలో నీళ్లు తగ్గితే బంతి దిగుతుంది, బంతి దిగితే కుళాయి తెరుచుకుని ట్యాంకు నీళ్లు సన్నగా లోపలికొస్తాయి, మట్టం నిండితే బంతి లేచి కుళాయి మూసేస్తుంది, ఇక మనిషి చెంబు పట్టుకుని కాపలా కాయనక్కర్లేదు. "దొంగ వెధవా, నా పరువు తీశావు కదరా, పోస్టాయన వచ్చి కూర్చున్నాడు ముందుగదిలో!" అంటే వాడు తలెత్తకుండా, "అక్కా, ఇంట్లో నీళ్లు ఆగకపోతే నేల తడుస్తుంది. పెనంలో నీళ్లు అయిపోతే కొంప అంటుకుంటుంది," అన్నాడు. ఆ ఏప్రిల్ దాకా బకెట్టుతో నీళ్లు పోసుకుంటూ గడిపింది.

అన్నిట్లోకీ ఆమెకు ఇష్టమైంది రాగి గొట్టం. చల్లని నీళ్లు మరిగే పెనంలో పడితే మరుగు చచ్చిపోతుంది, అందుకని పెనం మీద రేకు గుడిసె కట్టి, దానిలో రాగి గొట్టం మెలికలు తిప్పి, చల్లనీళ్లను ఆవిరిలోంచి తిప్పి తెచ్చాడు, పెనంలోకి వచ్చేసరికి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. గొట్టానికి పట్టిన ఆవిరి చెమటలా కారి కింద తొట్లోకి చేరుతుంది, వేడివేడి నీళ్లు, ఉప్పూ సున్నమూ లేనివి. మొదటిరోజు సాయంత్రం వాడు ఆ నీళ్లు బకెట్టులో పట్టి ఆమె గుమ్మం ముందు పెట్టాడు. తల రుద్దుకో అక్కా, నీ జుట్టంతా పొగ. అంతే అన్నాడు. ఆ రోజునుంచి ప్రతి మార్చిలో, కాచిన ప్రతి రోజూ, ఒక బకెట్టు. ముప్ఫై నాలుగేళ్లలో హార్లన్ గురించి ఒక్క మాట అడగలేదు, ఏడుస్తున్నావా అని అడగలేదు, పుట్టినరోజు గుర్తు పెట్టుకోలేదు, ఒక బకెట్టు వేడినీళ్లు పెట్టాడు. ఈ ఏడు తొట్టి నిండి పొర్లి నేలమీదికి పోతోంది. ఆమెకు తల రుద్దుకోబుద్ధి కావడం లేదు.

మూడు. ఇరవై ఒక్క నిమిషాలు అయ్యుండాలి, ఇరవై మూడయింది, చెయ్యి మోసం చేస్తోంది. నిప్పు నీది, పెనం నాది, అదీ వాడు పెట్టిన కట్టుబాటు. పెనం మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు, చిల్లుల గరిటె తాకినా ఊరుకునేవాడు కాదు, గరిటె ఎత్తి పట్టి పాకం అంచున బొట్లుబొట్లుగా పడుతోందా పరదాలా జారుతోందా అని చూడ్డం వాడి ఒక్కడి హక్కు, ఆమెకు దక్కిన మాటల్లా "కట్టెలక్కా!" ఒక్కటే. దానికెంత మండేదో. పెద్దదాన్నిరా నీకంటే అయిదేళ్లు, అనేది. అందుకే నిప్పు నీకిచ్చాను, అనేవాడు. ఈ సీజనంతా నిప్పూ ఆమెదే, పెనమూ ఆమెదే, పాకం రెండుసార్లు చిక్కబడిపోయింది, ఒకసారి పల్చబడింది, ఆ సీటులోంచి ఒక్క తిట్టు రాలేదు. తిట్టు కోసం మనిషి ఇంత మొహం వాచిపోతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పందెం వేసుకుంది కదా, అడగాలి కదా. మొదట ఫ్యాను ఆపేసింది. హోరు చప్పున పడిపోయింది, మంట ఎర్రబడింది, మరుగు నడిమధ్యలో గుంట పడింది, ఈ చప్పుడు మారితే ఇదివరకైతే నిద్రలోంచి లేచి వచ్చేవాడు. లెక్క పెట్టింది. అరవై దాకా. మెర్టన్ టోపీ సర్దుకున్నాడు. ఫ్యాను వేసింది.

"ఒరేయ్ మెర్టన్."

తిరిగాడు.

"ఈ రాగి గొట్టం చూడరా. ఎన్ని మెలికలు వేశావో గుర్తుందా? ఏడు చాలురా అంటే వినకుండా పదకొండు వేశావు."

లేచి వచ్చి చూశాడు, తల పక్కకు వంచి, ఒక కన్ను చిట్లించి, పాత పద్ధతిలోనే, గొట్టాన్నీ ఆవిరినీ తొట్టినీ వరసగా చూశాడు. "బాగుంది," అన్నాడు. "ఎవరు చేశారోగానీ బుర్ర ఉన్నవాడే."

"నువ్వేరా."

"కాదు కాదు," అని సిగ్గుపడ్డట్టు నవ్వాడు, "నాకివన్నీ ఎక్కడ వస్తాయి," అని వెళ్లి మళ్లీ కూర్చున్నాడు.

నాలుగు. తలుపు, చెక్కలు, తలుపు. నవంబరులోనే తెలిసింది. నవంబరులో ఎవరూ గోడమీద అంకెలు రాయరు, చెట్లలో నీళ్లుండవు, కాసేదేమీ ఉండదు, అయినా ఒకరోజు ఆమె కట్టెల కోసం షెడ్డులోకి వచ్చేసరికి ముప్ఫై మూడు కింద నలభై ఒకటి అని కొత్తగా ఉంది. వాడు పెనం ముందు టంకం కొలిమితో కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది, ఇంత పని ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదక్కా, అన్నాడు. పెనంలో నీళ్లు అటూ ఇటూ మెలికలు తిరిగి పోవడానికి మూడు అడ్డ రేకులుంటాయి, ఒక్కో రేకు చివర రెండు వేళ్ల సందు, నీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఆ సందులోంచే పోతాయి, పోతూ పోతూ చిక్కబడి ఆఖరి గదిలో పాకమవుతాయి. వాడు మూడు సందులూ మూసేశాడు. ఎంత అందంగా మూశాడో, టంకం వెండి గీతలా ఉంది, చుక్క కారే దారి లేదు, చేతికి మాత్రం పనితనం ఎక్కడికీ పోలేదు. నాలుగు గదులు, దేనికీ తలుపు లేదు. నీళ్లెలా పోతాయిరా, అని అడిగింది, మెల్లగా. వాడు పెనం వైపు చూశాడు. పోతాయి, అన్నాడు. తర్వాత ఆమె వైపు చూసిన చూపు, అది భయం. తన బుర్ర జారిపోతోందని తనకే తెలుసని. తెలిసిన చూపు అదొక్కటే, ఆ తర్వాత ఆ చూపు కూడా రాలేదు. ఆ రాత్రి ఆమె దిండులో మొహం పెట్టి ఏడ్చింది, మర్నాడు వాడు నిద్రపోతుంటే లూసియన్‌ను పిలిచి మూడు సందులూ మళ్లీ కోయించింది, వాడు చూడనే లేదు. నలభై ఒకటిని చెరపబోయి చెరపలేకపోయింది.

అసలు ఆమెకేం కావాలి? నిజం చెప్పుకుంటే, చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు, ఆమెకు నిద్ర కావాలి. తలుపు గొళ్లెం కదిలిందేమోనని ఉలిక్కిపడని ఒక్క నిద్ర. వాడికి స్నానం చేయిస్తుంటే వాడు చేతులు అడ్డం పెట్టుకుంటాడు, పరాయి ఆడదాని ముందు నిలబడ్డట్టు, ఆ చేతులు లాగి పక్కకు పెడుతుంటే ఆమెకు అసహ్యం వేస్తుంది, వాడంటే కాదు, వాడంటే కూడా. మొన్న గురువారం అన్నం గిన్నె నేలకు కొడితే చెంప మీద కొట్టింది. గట్టిగానే. వాడు ఏడవలేదు, ఎందుకు కొట్టారు అన్నట్టు చూశాడు. ఇంత చేసిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట కోసం పందెం వేసుకుని కూర్చుంటే అది ప్రేమా? లేక రేపు వాణ్ణి పంపించి వచ్చాక ఖాళీ ఇంట్లో తనకు తాను చెప్పుకోవడానికి ఒక సాక్ష్యమా, చూశాను, అడిగాను, లేడు, అని? తెలియదు. రెండూ కావచ్చు. ఆ సీటు ఖాళీగా ఉన్న షెడ్డును ఆమె ఊహించుకోబోయింది, రాలేదు, ఫ్యాను లేని పొయ్యి వచ్చింది, కనుబొమలు లేని మొహం వచ్చింది.

నాలుగూ ముప్ఫై రెండు. అప్పుడు తట్టింది. పెనం మాడబోయిన ఏడాది. వాడు రెండు రోజులుగా నిద్ర లేకుండా కాస్తున్నాడు, అప్పటికింకా బంతి లేదు, గోడకు ఒరిగి ఒక్క నిమిషం కన్ను మూశాడు, ఒకే ఒక్క నిమిషం, ఆమె బయట కట్టెలు ఎత్తుతోంది. ఆ వాసన. పాకం మాడితే ముందు తియ్యగా ఉంటుంది, కమ్మగా, అట్లు పోస్తున్నట్టు, తర్వాత ఒక్కసారి గొంతు పట్టుకుంటుంది. ఆ తియ్యటి వాసన దగ్గరే వాడు లేచాడు, కళ్లు ఇంకా మూసే ఉన్నాయి, కాళ్లు లేచాయి, పొయ్యి తలుపు వట్టి చేత్తో తీసి మండే కట్టెలను వట్టి చేతుల్తో బయటికి లాగాడు, మంచు బకెట్లు పోశాడు, అక్కా అక్కా అక్కా అని అరిచాడు, పెనం దక్కింది. అరచేతుల్లో తోలు ఊడింది. ఈ కొండల్లో పాకం కాసేవాడెవడైనా అంతే, చచ్చి పడున్నా ఆ వాసనకు లేస్తాడని ఊళ్లో అనుకుంటారు. పేరు పోవచ్చు, అక్క మొహం పోవచ్చు, అంకెలు పోవచ్చు. అది పోతుందా? అది బుర్రలో ఉండేది కాదు కదా, కాళ్లలో ఉండేది కదా.

ఆమె చెక్కల కుప్పలోంచి ఒక పుల్ల తీసి బంతి కింద దూర్చింది. బంతి పైకి లేచి అక్కడే నిలిచింది. కుళాయి మూసుకుంది. ట్యాంకులోంచి సన్నగా వచ్చే ధార చుక్కలై, ఆగింది. పెనంలో నీళ్లు మూడు వేళ్ల మందం కూడా లేవు, ఈ మంటకు పావుగంట. తలుపు, నాలుగు చెక్కలు, ఇంకో రెండు చెక్కలు, తలుపు. నిప్పు నాది కదా. ఈ పెనం వాడి ముప్ఫై నాలుగేళ్లు, ప్రతి టంకమూ వాడిదే, మాడితే ఇక ఇది తుక్కు, ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసే చేస్తోంది. వాడు లేచి చంపేసినా సరే, మెడ పట్టి బయటికి గెంటినా సరే, ఆ వట్టి చేతులు అడ్డం పెట్టనివ్వను, కట్టెలు నేనే లాగుతాను, చేతితొడుగు వేసుకునే ఉన్నాను, వాడు లేస్తే చాలు.

నాలుగూ నలభై. బుడగలు చిన్నవయ్యాయి. ముందు గదిలో నీళ్లు కూడా ఎర్రబడ్డాయి, ఎన్నడూ లేనిది. మెర్టన్ కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక కాకి కంచె మీద వాలింది, వాడు దాన్ని చూస్తున్నాడు. నలభై నాలుగు. నురుగు లేచి పెనం అంచుదాకా వచ్చింది, మామూలుగా చుక్క వెన్న వేస్తే దిగిపోతుంది, వేయలేదు. నురుగు దానంతటదే దిగింది. ఆఖరి గదిలో పాకం మెరుస్తోంది, లావాటి బుడగలు, ఒక్కోటీ నింపాదిగా పగులుతూ. నలభై ఏడు. వాసన వచ్చింది. తియ్యటి వాసన, కమ్మటిది, ఆమె కాళ్లు వాటంతటవే బంతి వైపు ఒక అడుగు వేశాయి, బలవంతాన ఆపుకుంది. లేరా. లే నాన్నా. మెర్టన్ ముక్కు కదిలింది. తల తిరిగింది. చూశాడు, పెనం వైపు, సూటిగా, నుదురు ముడిపడింది, ఆ ముడి ఆమెకు తెలుసు, పుట్టినప్పటినుంచీ తెలుసు. ఒళ్లోంచి చేతులు తీశాడు. సీటు పట్టుకుని లేచాడు. ఆమెకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, దేవుడా ఉన్నాడు, ఉన్నాడు, పుల్ల లాగెయ్యాలి, ఇప్పుడే వద్దు, ఒక్క క్షణం, వాడు అరవనీ, అక్కా అని ఒక్కసారి అరవనీ.

రెండు వేళ్లు లేని కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. పెనం దగ్గరికి కాదు, ఆమె దగ్గరికి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, పరాయివాళ్లింట్లో అడుగు పెట్టేటప్పుడు అమ్మ నేర్పినట్టు. పొగ అప్పుడే గొంతు పట్టుకుంటోంది, చిన్నగా దగ్గాడు.

"అమ్మా," అన్నాడు, ఎంతో మర్యాదగా. "మీ పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుందండీ. మీ ఇంట్లోవాళ్లెవరికైనా చెప్పమంటారా?"

ఆమె వాడి మొహంలోకి చూసింది. మంచి మొహం. ఎదుటి మనిషి ఏడుస్తుంటే బాధపడే మొహం. ఎవరో బాధపడుతున్నారని తెలిసింది వాడికి, అంతవరకు తెలిసింది. ఆమె వెనక్కి తిరిగి పుల్ల లాగేసింది. ట్యాంకు నీళ్లు ఎర్రగా కాలిన రేకు మీద పడ్డాయి, పెనం ఒళ్లు విరుచుకున్నట్టు లేచి వంగింది, టంకాలు ఒకటి తర్వాత ఒకటి విడిపోయాయి, అడ్డ రేకులు పక్కకు ఒరిగాయి, నీళ్లు అడుగునుంచి నిప్పులో కారి బుసబుసమన్నాయి. తెల్లటి ఆవిరి షెడ్డంతా కమ్మేసింది. మెర్టన్ ఆమె మోచెయ్యి పట్టుకుని జాగ్రత్తగా నాలుగడుగులు వెనక్కి తీసుకొచ్చాడు, ముసలావిడకు ఎక్కడ కాలుతుందోనని.

"ఫరవాలేదండీ," అంది ఆర్డిస్. "ఇంట్లో ఎవరూ లేరు. మీరు వెళ్లి కూర్చోండి."

"మరి మీరో?"

"నేనొక ఫోన్ చేసుకుని వస్తాను."

అతను సరేనని తల ఊపి, సీటులో కూర్చుని, టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. ఫోను తలుపు పక్కన గోడకు ఉంది. గడియారంలో అయిదు కావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. ఆమె ఆగలేదు.